పోలింగ్ ప్రశాంతం: యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మీ మండలంలో జరిగిన ఎన్నిక మీద నీకున్న కోపం ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. ఆ కోపాన్ని పోగొట్టుకోవద్దు. కథను మాత్రం మళ్లీ రాయాలి. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

పన్నెండు పేజీల్లో 'రిగ్గింగ్' అనే మాట పంతొమ్మిదిసార్లు వాడావు. అన్నిసార్లు వాడినా ఆ బూత్‌లో ఏం జరిగిందో నాకు కనబడలేదు. అది పేపర్లో హెడ్డింగు పెట్టుకోవడానికి పనికొచ్చే మాట. బూత్ లోపల కూర్చున్న మనిషి దగ్గరికి రిగ్గింగ్ ఆ పేరుతో రాదు, మామూలు పనుల రూపంలో వస్తుంది. ఎదుటి పార్టీ ఏజెంటును ఎవరో గుమ్మం దగ్గరినుంచి "అన్నా, ఒకసారి బయటికి రా" అని పిలుస్తారు. వెళ్లినవాడు తిరిగి రాడు. క్యూలో ఒక కుర్రాడు చేతిలోని స్లిప్పు చూసుకుని మరీ తండ్రి పేరు చెబుతాడు. జాబితాలో డెబ్బై ఏళ్ల వయసున్న పేరుకు ముప్పై ఏళ్ల మనిషి వచ్చి నిలబడతాడు. గదిలో ఉన్న ఆరుగురూ అది చూస్తారు. ఎవరూ నోరు మెదపరు. నువ్వు రాయాల్సింది ఆ ఆరుగురి మౌనం గురించి.

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. పంతులుకు ఎలక్షన్ డ్యూటీ తప్పదు. బ్యాలెట్ కాగితాల కాలంలో ఒకసారి ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వేశారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఐదుగురు లోపలికి వచ్చారు. అరవలేదు, కర్రలు చూపించలేదు. ఒకడు నా భుజం మీద చెయ్యి వేసి "మాస్టారూ, మీరు అన్నం తినండి, మేం చూసుకుంటాం" అన్నాడు. ఇంకొకడు బల్ల మీది బ్యాలెట్ పుస్తకం తీసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. వాళ్లను ఆపనూ లేదు. ముద్ర గుద్దుతున్న చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాను. సాయంత్రం ప్రిసైడింగ్ ఆఫీసర్ డైరీ నింపాలి కదా. పోలింగ్ ఎలా జరిగిందో రాయాల్సిన చోట 'ప్రశాంతం' అని రాసి సంతకం పెట్టాను.

ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారు. ఆ రాత్రి అదే పెట్టెతో, అదే దారిలో వెనక్కి రావాలి. కారణాలు అడిగితే ఇంకా చెప్పగలను. ఏ కారణం చెప్పినా ఆ మాట నిజమైపోదు. ఆ సంతకం నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది.

నీ కథలో ప్రిసైడింగ్ ఆఫీసర్ డబ్బు తిన్న దుర్మార్గుడు. అలాంటివాళ్లు ఉండరని నేను అనను. కానీ నేను చూసినంతలో దొంగ ఓట్లు పడేది చెడ్డవాళ్ల వల్ల కంటే, భయపడి తల దించుకున్న మామూలు మనుషుల వల్లే ఎక్కువ. నీ ఆఫీసర్‌కు ఆ భయం ఇవ్వు. అతని కూతురికి జ్వరం ఉందని, బస్సు రాత్రి తొమ్మిదికే ఆఖరిదని ఇవ్వు. అప్పుడు అతని మీద చదివినవాళ్లకు వచ్చే కోపం ఊరికే పోదు. తమను తాము తడిమి చూసుకుంటారు.

ఇంకో సంగతి. ఏ మోసం గురించి రాస్తున్నావో ముందు తేల్చుకో. నీ కథలో మొదటి పేజీలో ఓట్లు జాబితాలోంచి పోయాయి, నాలుగో పేజీలో బూత్ ఆక్రమించారు, తొమ్మిదో పేజీలో ఈవీఎం మార్చారు. ఇవి మూడు వేర్వేరు నేరాలు. చేసే మనుషులు వేరు, పట్టుకునే దారీ వేరు. బూత్ ఆక్రమణ నలుగురి కళ్లముందు జరుగుతుంది. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. జాబితాలోంచి పేరు పోవడానికి చప్పుడే ఉండదు. 2018లో తెలంగాణలో ఎంతోమంది కార్డు చేత్తో పట్టుకుని వెళ్లి, పేరు లేదని తెలిసి వెనక్కి వచ్చారు. ఎన్నికల ప్రధానాధికారే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అందులో ఎంత కుట్ర, ఎంత నిర్లక్ష్యం అని ఎవరైనా అడిగితే తేలిగ్గా జవాబు చెప్పలేం. ఆ వెనక్కి వచ్చిన మనిషికి మాత్రం రెండూ ఒకటే. మూడింట్లో నీకు బాగా తెలిసింది ఒక్కటి ఎంచుకో. మిగతా రెండూ ఇంకో కథకు దాచుకో.

ఈవీఎం గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. 1982లో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి యంత్రాలు పెట్టారు. శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన ఏసీ జోస్ కోర్టుకు వెళ్లారు. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 చోట్లా మళ్లీ బ్యాలెట్ కాగితాలతో పోలింగ్ పెట్టమంది. ఈసారి జోస్ గెలిచారు. ఈ సంగతి విన్నవాళ్లలో చాలామంది "చూశారా, యంత్రం మోసం చేసింది" అంటారు. కోర్టు ఆ మాట అనలేదు. యంత్రంతో ఓటు వేయించే అధికారం అప్పటి చట్టంలో లేదు, అందుకే చెల్లదంది. ఈ తేడా చిన్నదే, కానీ రాసేవాళ్ల నిజాయితీ తెలిసేది అలాంటి తేడాల దగ్గరే. నువ్వు చూసింది చూసినట్టు రాయి. విన్నది విన్నానని చెప్పి రాయి. అనుమానం ఉంటే అది ఎవరి అనుమానమో ఆ పాత్ర నోటనే పలికించు.

మన దగ్గర 2019లో ఒక పక్షం ఈవీఎంలను తప్పుపట్టింది, 2024లో ఎదుటి పక్షం తప్పుపట్టింది. గెలిచిన ఏడు ఎవరికీ ఆ అనుమానం గుర్తులేదు. నీ కథను వీళ్లలో ఎవరి చేతికీ ఇవ్వకు. ఈ కథ చదివి ఒక పార్టీవాళ్లే చప్పట్లు కొడితే, దాన్ని మళ్లీ రాయాలని నా లెక్క.

ఇక అసలు సంగతి. నీ కథ ఓట్ల లెక్కింపుతో అయిపోతోంది. నాకేమో కథ అక్కడే మొదలవుతుందని అనిపిస్తుంది. అన్యాయంగా ఓడినవాడు మర్నాడు పొద్దున ఎక్కడికి వెళతాడు? ఈ ప్రశ్న నాకు కశ్మీర్ వల్ల పట్టుకుంది.

1983 మే నెలలో ఎన్టీఆర్ విజయవాడలో పెట్టిన ప్రతిపక్షాల సమావేశానికి వచ్చిన నాయకుల్లో అప్పటి జమ్మూ కశ్మీర్ ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లా ఒకరు. మరుసటి ఏడు జూలై 2న ఎమ్మెల్యేల ఫిరాయింపుతో ఆయన ప్రభుత్వం పోయింది. ఆగస్టు 16న ఇక్కడ ఎన్టీఆర్ ప్రభుత్వమూ పోయింది. ఆ నెల రోజులూ ఎలా గడిచాయో మీ తాతగారిని అడుగు. ఊరూరా జనం రోడ్ల మీదకు వచ్చారు. సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. మనకు జరిగిన తప్పును మన కళ్లముందే దిద్దారు. శ్రీనగర్‌లో అది జరగలేదు. 1986 నవంబర్‌లో రాజీవ్ గాంధీతో ఒప్పందం చేసుకున్నాకే ఫరూక్ మళ్లీ గద్దెనెక్కారు. మరో నాలుగు నెలలకు, 1987 మార్చి 23న, అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి.

ఫరూక్ పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్, కాంగ్రెస్ ఒకవైపు. ముస్లిం యునైటెడ్ ఫ్రంట్ ఇంకోవైపు. నూటికి డెబ్బైమందికి పైగా ఓటేశారు. కుర్రాళ్లు ఫ్రంట్ జెండాలు పట్టుకుని తిరిగారు. ఫలితాల్లో నేషనల్ కాన్ఫరెన్స్‌కు 40, కాంగ్రెస్‌కు 26, ఫ్రంట్‌కు 4 సీట్లు వచ్చాయి. శ్రీనగర్‌లోని అమీరా కదల్‌లో మహమ్మద్ యూసుఫ్ షా ఫ్రంట్ తరఫున నిలబడ్డాడు. లెక్కింపులో ఆయనే ముందున్నాడని, ఎదుటి అభ్యర్థి ఓటమి ఒప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడని, అతన్ని వెనక్కి పిలిచి గెలిచినట్టు ప్రకటించారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గొడవ చేసినందుకు యూసుఫ్ షానూ, ఆయన మనుషులనూ జైల్లో పెట్టారు. ఆయన పోలింగ్ ఏజెంట్ల పేర్లు చెప్పేటప్పుడు వినబడే పేరు యాసిన్ మాలిక్. తర్వాత యూసుఫ్ షా సయ్యద్ సలాహుద్దీన్ అని పేరు పెట్టుకుని హిజ్బుల్ ముజాహిదీన్ అనే ఉగ్రవాద సంస్థకు అధిపతి అయ్యాడు. యాసిన్ మాలిక్ తుపాకీ పట్టాడు. 1989 నుంచి లోయలో జరిగింది నీకు తెలిసిందే. కశ్మీరీ పండిట్లు రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి వెళ్లారు, వేలమంది ప్రాణాలు పోయాయి.

ఆ ఎన్నిక ఒక్కటే దీనికంతటికీ కారణమని రాసేవు సుమా. సరిహద్దు అవతలి నుంచి తుపాకులు వచ్చాయి, అంతకు ముందు ఎన్నో ఏళ్ల గాయాలున్నాయి. ఓట్లలో మోసపోయిన ప్రతివాడూ ఆయుధం పట్టలేదు కూడా. మనుషులను చంపినందుకు వాళ్లకు మన కలం మాఫీ ఇవ్వకూడదు. కానీ ఒక్క మాట చెప్పు. బ్యాలెట్ పత్రం మీద పేరున్న మనిషి, బూత్‌లో బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు, ఇద్దరూ ఆ నెల వరకు మన పద్ధతిలోనే ఉన్నారు కదా. ఆ తర్వాత ఉండలేదు. ఈ మధ్యలో జరిగింది రాయగలిగితే అది కథ. ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, నాకు చేతకాలేదు. నీ ఊరి మనుషులతో నువ్వు రాయగలవేమో అని ఆశ.

దిద్దుకున్న సందర్భం కూడా ఒకటి చూడు. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో ఎనిమిది ఓట్లు చెల్లవన్నారు. 12కు 16తో ఒకరిని గెలిపించారు. ప్రిసైడింగ్ ఆఫీసర్ కాగితాల మీద గీతలు పెడుతూ కెమెరా వైపు చూసిన వీడియో బయటికి వచ్చింది. గీతలు తానే పెట్టానని ఆయన సుప్రీంకోర్టులో ఒప్పుకున్నాడు. ఫిబ్రవరి 20న న్యాయమూర్తులు ఆ ఎనిమిది కాగితాలు తెప్పించుకుని స్వయంగా చూశారు. ఓడినట్టు ప్రకటించిన కులదీప్ కుమార్‌ను గెలిచినట్టు ప్రకటించారు. ఆ వార్త చదివిన పూట నాకు అన్నం సరిగ్గా సయించలేదు. నేను కూర్చున్న గదిలో కెమెరా లేదు.

నీ కథలో చివర కలెక్టర్ వచ్చి, దొంగలను పట్టించి, ప్రజాస్వామ్యం గురించి పేజీన్నర మాట్లాడతాడు. అది తీసెయ్. ఆయన స్థానంలో నీ రెండో పేజీలో రెండు వాక్యాలకే పరిమితం చేసిన ముసలమ్మను తీసుకురా. తన ఓటు ఎవరో వేసేశారని తెలిసి వెనక్కి వెళ్లిపోతుందని రాశావు. వెళ్లనివ్వకు. అలాంటివాళ్లకు టెండర్ ఓటు ఉంటుంది. నేనూ ఒకసారి ఒకావిడకు ఇచ్చాను. ఆమె వచ్చేసరికి జాబితాలో ఆమె పేరు మీద గీత పడి ఉంది, వేలు మాత్రం శుభ్రంగా ఉంది. ఏజెంట్లు నవ్వారు. ఆమె కదల్లేదు. "నా ఓటు నాకియ్యి" అని బల్ల పట్టుకుని నిలబడింది. రూల్ పుస్తకం తీసి చూసి, వేలిముద్ర వేయించుకుని బ్యాలెట్ ఇచ్చాను.

ఆ బ్యాలెట్ పెట్టెలో వేయకూడదు. వేరే కవర్లో పెట్టి సీలు వేయాలి. మామూలు లెక్కింపులో దాన్ని లెక్కపెట్టరు, కోర్టు అడిగితే తప్ప ఎవరూ తెరవరు. ఈ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయిస్తుండగానే ఆమె కాగితం మడిచి నా చేతికిచ్చి బయటికి నడిచింది. కిటికీలోంచి చూశాను. చింతచెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లకు సిరా పూసిన వేలు చూపిస్తోంది.

తిరగరాశాక పంపు. సంక్రాంతి లోపల పంపితే పండగకు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

మీ మాస్టారు