ఆదివారం ర్యాంప్ ఎక్కే ముందు

బంగారూ,

ఈ ఆదివారం స్కేట్‌బోర్డు మీద మొదటిసారి డ్రాప్ ఇన్ చేస్తావట, అంటే ర్యాంప్ పై అంచు నుంచి కిందికి దిగుతావట, అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో కళ్లు చెమర్చాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

హెల్మెట్, మోకాలి ప్యాడ్లు ఎలాగూ వేసుకుంటావు. బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే ట్రక్కుల నట్లు ఒకసారి చూసుకో. మణికట్టు గార్డులు మర్చిపోతావేమోనని నా టెన్షన్.

నీ వయసులో నేను అవి లేకుండానే ఎక్కాను. బోర్డు తోకని, అంటే వెనక కొసని, ర్యాంప్ అంచు మీద వెనక కాలితో తొక్కిపట్టాను, ముందు కాలు బోల్టుల మీద వేశాను. ఇక ఒంటి బరువంతా ఒక్కసారిగా ముందుకి వదిలేయాలి. నేను సగమే వదిలాను. ఆఖరి క్షణంలో భయపడి వెనక్కి వాలాను. బోర్డు నా కింద నుంచి జారిపోయింది, నేల మీద చెయ్యి ఆనించాను, కుడి మణికట్టు విరిగింది. వారమంతా దూకడం గురించే ఆలోచించాను గానీ, పడడం ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు. నువ్వు ముందు మోకాలి ప్యాడ్ల మీద జారడం నేర్చుకో. వెనక్కి పడుతున్నావనిపిస్తే చేతులు ఛాతీకి దగ్గరగా లాక్కో, చాచకు.

అంతకంటే పెద్ద తప్పు, అమ్మ తిడుతుందని రెండు రోజులు దాచాను. ఇప్పటికీ సీసా మూత ఎడమ చేత్తోనే తిప్పుతాను. నువ్వలా దాచావో, ఊరుకోను! నొప్పి ఉంటే అదే రోజు ఎక్స్‌రే తీయించు.

కట్టుతో మంచం మీదున్నప్పుడు పాత పత్రికలన్నీ చదివాను. 1950లలో కాలిఫోర్నియా సర్ఫర్లు చెక్కకి రోలర్ స్కేట్ చక్రాలు బిగించారట. తర్వాత వచ్చిన క్లే చక్రాలు చిన్న గులకరాయి తగిలినా ఆగిపోయేవి, మనిషి ఎగిరి పడేవాడు. దెబ్బలు ఎక్కువై చాలా ఊళ్లలో ఆటనే నిషేధించారు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్వర్తీ యూరెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ చక్రాలు తెచ్చాకే నేల మీద పట్టు దొరికింది. ఆ దశాబ్దంలోనే కాలిఫోర్నియాలో కరువొచ్చి ఈతకొలనులు ఎండిపోతే, పిల్లలు వాటి గోడలెక్కారు. నువ్వు దిగబోయే ఆ వంపు అక్కడిదే.

అప్పుడే ప్యాటీ మెక్‌గీ అనే స్కేటర్ ఫొటో చూశాను, 1965 లైఫ్ పత్రిక ముఖచిత్రం. కదిలే బోర్డు మీద చేతులతో తలకిందులుగా నిలబడింది! కట్టు కట్టిన నా చెయ్యి చూసుకుని ఎంత ఏడ్చానో.

ఓలీకి, అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగరడానికి, తొందరపడకు. అలన్ గెల్ఫాండ్ అనే స్కేటర్ దాన్ని ముందు కొలను గోడల మీదే చేశాడు, చదును నేల మీదకి తెచ్చింది తర్వాత రోడ్నీ ముల్లెన్ అనే ఇంకో స్కేటర్.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. ముందు నీ చేతుల సంగతి చెప్పు, తర్వాత ర్యాంప్ సంగతి.

మీ అత్తయ్య