సెన్సార్ మార్చే ముందు గాలి సంగతి చూడు

చిరంజీవి అల్లుడికి, తిరుపతి నుంచి మామ ఆశీస్సులు.

చిత్తూరులో నీ షెడ్డుకు బండ్లు బాగా వస్తున్నాయని అక్క చెప్పింది. చాలా సంతోషం. కానీ ఇంజిన్ చెక్ లైట్ వెలిగితే చాలు, గాలి లెక్క చెప్పే సెన్సార్ మార్చేస్తున్నావట. అందుకే ఈ ఉత్తరం.

పెట్రోల్ కొలవడం బండిలోని కంప్యూటర్‌కు కష్టం కాదు. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిస్తే ఎంత పడుతుందో దానికి తెలుసు. కష్టమంతా గాలితోనే. ఇథనాల్ కలపని పెట్రోల్ అయితే గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటర్లు కాదు, గ్రాములు. మే నెల మధ్యాహ్నం లీటరు గాలి, డిసెంబరు తెల్లవారుజామున ఉన్నంత బరువు ఉండదు.

మాఫ్, అంటే లోపలికి పోయే గాలి బరువు కొలిచే సెన్సార్ ఉన్న బండిలో, ఫిల్టర్ దాటగానే ఒక సన్నని తీగో పొరో కరెంటుతో వేడెక్కి ఉంటుంది. వేడి సంగటి మీద గాలి తగిలితే చల్లారినట్టు, లోపలికి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఆ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో అదే గాలి లెక్క. మ్యాప్ సెన్సార్ అలా కాదు, అది గాలిని కొలవనే కొలవదు. యాక్సిలరేటర్ తొక్కితే గాలికి దారి తెరిచే మూతే బట్టర్‌ఫ్లై; దాని వెనక మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, ఒత్తిడి మాత్రమే చెబుతుంది. ఆర్పీఎం, గాలి వేడి కూడా చూసుకుని కంప్యూటరే లెక్క కడుతుంది.

ఈ తేడా తెలియక నేనొక తప్పు చేశాను. పికప్ లేదని వచ్చిన కారుకు కొత్త మాఫ్ వేశాను. వారానికి మళ్లీ వచ్చింది. చూస్తే మాఫ్‌కూ బట్టర్‌ఫ్లైకీ మధ్య రబ్బరు హోస్ మడతలో చీలిక. అక్కడ దూరిన గాలి లెక్కలోకి రాదు, దానికి తగ్గ పెట్రోల్ పడదు. ఆయన డబ్బులు తిరిగిచ్చేశాను కానీ ఆ బాధ ఇంకా ఉంది. అదే మ్యాప్ బండిలో బట్టర్‌ఫ్లై వెనక లీకైతే ఒత్తిడి పెరిగినట్టు కనిపిస్తుంది, కంప్యూటర్ పెట్రోల్ కూడా పెంచుతుంది, ఐడిలింగ్ ఎక్కువైపోతుంది. కాబట్టి ముందు ఆ బండిలో ఏది ఉందో చూడు. తర్వాత హోస్‌ను చేత్తో వంచి మడతలు చూడు, పొగ పెట్టి లీకులు వెతుకు.

మాఫ్ తీగను గుడ్డతో తుడవకు, కంప్రెసర్ గాలి కొట్టకు. దానికోసం అమ్మే స్ప్రే మాత్రమే వాడి, బాగా ఆరాకే బిగించు.

మ్యాప్‌కైతే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి చూడు. అప్పుడు అది చెప్పేది బయటి గాలి ఒత్తిడే; చిత్తూరు ఎత్తుకు 97 కిలోపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దగ్గర చూపించాలి. వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో, ఏసీ లేకుండా, చాలా బండ్లలో 30, 40 మధ్యకు దిగుతుంది.

ఈసారి స్వామి దర్శనానికి మ్యాప్ ఉన్న బండిలో వచ్చేటప్పుడు, సెన్సార్ రీడింగులు చూపించే స్కానర్ తెచ్చుకో. నా షెడ్డులో కీ ఆన్ చేసి రీడింగ్ రాసుకుందాం. ఘాట్ ఎక్కి తిరుమల పార్కింగ్‌లో మళ్లీ చూద్దాం. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి 7, 8 కిలోపాస్కల్స్ తగ్గాలి. తగ్గకపోతే ఆ సెన్సార్‌ను అప్పుడు అనుమానిద్దాం.

ఇట్లు,
మామ