బొమ్మ ఇక్కడ, కోత అక్కడ

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం బొమ్మలు వేసేవారివి. ఆన్‌లైన్ సైట్లో డిజైన్ పెట్టడం, అది టీషర్టు మీదో దిండు గలీబు మీదో అచ్చయి ఎక్కడో అమ్ముడుపోవడం, ఆపైన పన్ను కాగితాలు అడగడం. కథ అందరిదీ ఒకటే, చిక్కుముడులే వేరు. పేర్లు తీసేశాను, ఎవరి సంపాదన ఎంతో ఊరందరికీ తెలియనవసరం లేదు. నేను చెప్పే ఆదాయపన్ను లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. అయినా ఈ ఏడాది వేసే రిటర్నుకు పాత చట్టం, పాత ఫారాలే.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తాను. నా బొమ్మలను మా అబ్బాయి స్కాన్ చేసి ఒక అమెరికా సైట్లో పెట్టాడు. అమ్మకాలు బాగానే ఉన్నాయి, కానీ డబ్బు ఇచ్చేటప్పుడు నూటికి ముప్ఫై కోసుకున్నారు. డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం ఇస్తే తగ్గుతుందట. అమెరికా ప్రభుత్వానికి సంతకం చేసి కాగితం ఇస్తే రేపు మా ఇంటికి నోటీసులు రావు కదా? ఒక ఏజెంటు డబ్బు తీసుకుని అమెరికా పన్ను నంబరు తెప్పిస్తానంటున్నాడు. ఆ నంబరు లేనిదే ఫారం చెల్లదట.

జవాబు: ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. అతనికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ ఫారంలో మీ దేశపు పన్ను నంబరు రాయడానికి ఒక గడి ఉంది, అక్కడ మీ పాన్ నంబరు రాస్తే చాలు. భారత్, అమెరికాల పన్ను ఒప్పందం ప్రకారం తక్కువ రేటు అడగడానికి అమెరికా నంబరో, మన పాన్ నంబరో, ఏదో ఒకటి ఉండాలంతే. నోటరీ అక్కర్లేదు, రుసుము లేదు. మీ ఏజెంటు వంటివారు విజయవాడలోనూ ఉన్నారు, వాళ్ళ చేతుల్లో పడి వచ్చినవారి కాగితాలు చూస్తూనే ఉంటాను.

ఇక నోటీసుల భయం. ఆ ఫారం అమెరికా పన్నుల శాఖకు వెళ్ళదు, మీకు డబ్బు చెల్లించే సంస్థ దగ్గరే ఉంటుంది. అందులో మీరు చెప్పేదేమిటంటే, నేను అమెరికా పౌరురాలినీ నివాసినీ కాను, ఈ డబ్బుకు అసలు హక్కుదారును నేనే, మా దేశానికీ మీ దేశానికీ ఒప్పందం ఉంది కాబట్టి ఆ రేటే వేయండి అని. భారత్, అమెరికాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం 1989 సెప్టెంబరులో కుదిరింది. అందులో 12వ అధికరణం రాయల్టీల గురించి. కళాకృతి మీద ఉన్న కాపీరైటును వాడుకున్నందుకు ఇచ్చే రాయల్టీపై అమెరికా 15 శాతానికి మించి కోయకూడదు. ఫారం ఇవ్వకపోతే 30 శాతం. అంటే వెయ్యి డాలర్లకు 300 పోయేచోట 150 పోతుంది.

ఫారం నింపేటప్పుడు మనవాళ్ళు తప్పటడుగు వేసేది ఎక్కువగా పేరు దగ్గర. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరంగా మిగులుతుంది, ఆధార్‌లో పేరు తర్వాత వస్తుంది, సైట్లో దుకాణం పేరు ఇంకేదో. ఫారం మొదటి గడిలో దుకాణం పేరు రాయకూడదు. పాన్ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. బ్యాంకు ఖాతాలో పేరు వేరుగా ఉంటే ముందు బ్యాంకుకు వెళ్ళి దాన్ని సరిచేయించుకోండి. అదే లేటయ్యే పని, ఫారం పావుగంట పని.

పుట్టిన తేదీ అమెరికా పద్ధతిలో రాయాలి, అంటే ముందు నెల, తర్వాత రోజు. మే 11న పుట్టినవారు 05-11 అని వేయాలి. మన అలవాటులో 11-05 అని రాస్తే నవంబరు 5న పుట్టినట్టవుతుంది. చిరునామా మీ శ్రీకాళహస్తి ఇంటిదే ఇవ్వండి. ఉత్తరాలు భద్రంగా అందుతాయని కొందరు న్యూజెర్సీలో ఉన్న తమ్ముడి చిరునామా ఇస్తారు. అమెరికా మనిషిని కానని చెబుతూ అమెరికా చిరునామా ఇస్తే సంస్థకు అనుమానం రాక ఏమవుతుంది? మళ్ళీ కాగితాలు అడుగుతుంది. పోస్టుబాక్సు నంబరు కూడా పనికిరాదు.

ఒప్పందం గడిలో దేశం ఇండియా, అధికరణం 12, రేటు 15 శాతం, ఆదాయం రకం రాయల్టీ. చాలా సైట్లు దీన్ని ప్రశ్నావళిగా మార్చి అడుగుతాయి. అక్కడ ‘సేవలకు రుసుము’ అనీ ‘రాయల్టీ’ అనీ రెండు దారులుంటే, మీ బొమ్మను వాళ్ళు అచ్చు వేసి అమ్మి మీకు వాటా ఇస్తున్నారు కాబట్టి మీది రాయల్టీ. ఈ 2026లో సంతకం చేస్తే 2029 డిసెంబరు 31 వరకు చెల్లుతుంది. ఈలోగా చిరునామాయో నివాస దేశమో మారితే ముందే కొత్తది ఇవ్వాలి. గడువు దాటిన సంగతి సైటు చెప్పినా మనం చూసుకోం, మళ్ళీ 30 పడ్డాక అడుగుతాం. ఆ తేదీని మీ అబ్బాయిని ఇప్పుడే ఫోనులో పెట్టుకోమనండి.

ఇంకొక మాట. అమెరికా కోసేది అమెరికాలో జరిగిన అమ్మకాల మీద వచ్చిన రాయల్టీ నుంచే. జర్మనీలో ఎవరో కొన్న దిండు గలీబుపై మీకొచ్చిన వాటాకు ఆ కోత ఉండకూడదు. నెలవారీ పట్టీలో దేశాలవారీగా చూసుకోండి.

ఇప్పటికే కోసినదాని సంగతి. వెంటనే సంస్థకు రాయండి. అదనంగా పట్టుకున్నదాన్ని ఆ ఏడాది లెక్కలు ముగిసేలోపు తిరిగి సర్దే వీలు చెల్లించే సంస్థకు ఉంటుంది. ఆ లెక్క 1042-ఎస్ అనే పత్రంగా మరుసటి మార్చి 15కల్లా అమెరికా పన్నుల శాఖకూ మీకూ వెళ్ళిపోతుంది. ఆ తర్వాతైతే మీరే అమెరికాలో 1040-ఎన్‌ఆర్ రిటర్ను వేసి వాపసు అడగాలి. ఆ ఏజెంటు చెప్పిన నంబరుతో పని పడేది అప్పుడే. చిన్న మొత్తమైతే ఖర్చు వచ్చేదాన్ని మించిపోతుంది, వదిలేయమంటాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిపూట స్టాక్ చిత్రాల సైట్లకు డిజైన్లు పంపుతాను. జీతం, రాయల్టీ కలిపి ఏడాదికి 9 లక్షలు దాటదు. అమెరికాలో కట్ అయిన 15 శాతాన్ని ఇక్కడ రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చని మిత్రుడు అంటున్నాడు. ఎలా?

జవాబు: తెచ్చుకోలేరు. విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ ఇచ్చేది సర్దుబాటు మాత్రమే, వాపసు కాదు. అక్కడ కట్టినది, అదే ఆదాయం మీద ఇక్కడ పడే పన్ను, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతవరకే తగ్గిస్తారు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు వల్ల మీ పన్ను సున్నా. సున్నాలోంచి తీసేయడానికి ఏముంది? అమెరికాకు పోయింది పోయినట్టే. చిన్న కళాకారులకే ఈ దెబ్బ తగలడం, పెద్ద ఆదాయం ఉన్నవారు పూర్తిగా సర్దుకోగలగడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ నిబంధన ఇదే.

అలాగని రిటర్నులో చూపించడం మానకండి. జీతగాళ్ళు మామూలుగా వేసే ఐటీఆర్-1 రిటర్ను ఫారం మీకిక కుదరదు. బయటి దేశపు ఆదాయం ఉన్నవారికి అది లేదు, ఐటీఆర్-4 కూడా లేదు. అప్పుడప్పుడూ నాలుగు బొమ్మలు పంపితే ఐటీఆర్-2లో ఇతర ఆదాయంగా, మీలా క్రమం తప్పకుండా చేస్తే ఐటీఆర్-3లో వ్యాపార ఆదాయంగా చూపడం సబబు. వ్యాపారంగా చూపితే బొమ్మలు వేసే టాబ్లెట్, సాఫ్ట్‌వేర్ చందా, ఇంటర్నెట్ బిల్లు వంటి ఖర్చులు తీసేసుకోవచ్చు.

ఇంకో చోట అందరూ పొరపడతారు. బ్యాంకులో పడినది ఆదాయం కాదు. సైటు వెయ్యి డాలర్లు చూపించి 850 పంపితే మీ ఆదాయం వెయ్యే, 150 పన్ను. 850 చూపించి మళ్ళీ 150కి సర్దుబాటు అడగడం కుదరదు.

ఒకవేళ ముందుముందు మీ ఆదాయం 12 లక్షలు దాటి పన్ను పడితే అప్పుడు సర్దుబాటు పనికొస్తుంది. దానికి పాత చట్టం కింద ఫారం 67 ఆన్‌లైన్‌లో వేయాలి. 2025-26 ఆదాయానికి దాని ఆఖరు గడువు 2027 మార్చి 31, కాకపోతే రిటర్ను దాని గడువుల్లోపల వేసి ఉండాలి. నేనైతే రిటర్నుకు ముందే వేయిస్తాను. రుజువుగా 1042-ఎస్ పెట్టవచ్చు. అది జనవరి నుంచి డిసెంబరుదాకా ఉంటుంది, మన ఏడాది ఏప్రిల్ నుంచి మార్చి. అందుకని నెలవారీ పట్టీలు దాచుకోకపోతే ముక్కలు చేయడం అసాధ్యం. డాలర్లలో కోసిన పన్నును రూపాయల్లోకి మార్చేందుకు పన్ను కోసిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు కొనుగోలు రేటు తీసుకోవాలి. మీకు తోచిన రేటు వేయకండి.

చివరగా, మీ ఉత్తరం వెనుక జత చేసిన బ్యాంకు కాగితం చూశాను. డబ్బు వచ్చిన కారణం అన్నచోట ‘కుటుంబ పోషణ’ అని ఉంది. అది ప్రవాసులు ఇంటికి పంపే డబ్బుకు వాడే కోడు. మీరు అడగకపోతే గుమాస్తా తనకు అలవాటైనది వేస్తాడు. రాయల్టీ, కాపీరైటు రాబడి అని మార్పించండి.

ప్రశ్న: మా పాప పదో తరగతి. ఫోనుల్లో వాడే స్టిక్కర్లు గీసి అమ్ముతోంది. సైటు 18 ఏళ్ళు నిండాలంటోంది కాబట్టి ఖాతా, పాన్ రెండూ నావే. పిల్లల ఆదాయం తండ్రి ఆదాయంలో కలుస్తుందని విన్నాను. — ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు విన్నది సగమే. మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారిలో కలుపుతారు, నిజమే. కానీ పిల్లలు తమ నైపుణ్యంతో, ప్రతిభతో, చేతిపనితో సంపాదించినదాన్ని చట్టమే విడిగా పెట్టింది. అది పాపదే, పన్ను పడితే పాప పేరు మీదే. ఈ మినహాయింపు నాకు భలే ఇష్టం. స్టిక్కర్ గీసిన చేయి ఎవరిదో చట్టం గుర్తించింది.

చిక్కల్లా ఖాతా మీ పేరున ఉండటం. ఆదాయపన్ను శాఖవారి దగ్గర ఆ ఆదాయం మీ పాన్ కిందే కనిపిస్తుంది. మైనరుకు కూడా పాన్ తీసుకోవచ్చు, దరఖాస్తు మీరే చేయాలి. పాప పేరున బ్యాంకు ఖాతా తెరిచి, సైటు నుంచి వచ్చినది వచ్చినట్టుగా అందులోకి మార్చండి. ఆమె గీసిన అసలు ఫైళ్ళు తేదీలతో సహా దాచండి. పాపకు 18 నిండగానే ఖాతాను ఆమె పేరుకు మార్చండి. ఒక మెలిక: ఆ డబ్బు మీద బ్యాంకు ఇచ్చే వడ్డీ ప్రతిభ కాదు, అది మాత్రం మీ ఇద్దరిలో ఒకరి ఆదాయంలో కలుస్తుంది.

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఉంటాను. మా అక్క నరసాపురంలో లేసు అల్లికలు చూసి నమూనాలు గీస్తుంది. ఇక్కడి సైట్లో గుడ్డల మీద అచ్చవుతాయి. ఖాతా నాది, డబ్ల్యూ-9 ఇచ్చాను. వచ్చినదంతా అక్కకు పంపుతాను. తోబుట్టువులు ఇచ్చిన డబ్బుకు ఇండియాలో పన్ను లేదు కదా, సమస్య ఉండదనుకుంటున్నాను.

జవాబు: బాబూ, సమస్య ఉంది. తోబుట్టువు ఇచ్చిన బహుమతికి ఇండియాలో పన్ను లేదు, సరే. మీరు పంపుతున్నది బహుమతి కాదు, అక్క కష్టార్జితం. డబ్ల్యూ-9 అమెరికా పౌరులూ పన్ను నివాసులూ ఇచ్చే ఫారం, దాన్నిబట్టి సైటు మీ పేరున 1099 అనే ఆదాయ పత్రం పంపుతుంది. రాయల్టీ అయితే ఏడాదికి 10 డాలర్లు దాటినా పంపాల్సిందే. అంటే అమెరికా లెక్కలో గీసింది మీరు, సంపాదించింది మీరు, పన్ను మీది. అక్క లెక్కలో ఆదాయమే లేదు. ఇద్దరి కాగితాలూ అబద్ధమే చెబుతున్నాయి.

అసలు హక్కుదారు అక్కేనని మీరు సరిచేయాలనుకుంటే, ఇప్పటివరకు వచ్చినదానికి ఆమె తరఫున పన్ను పట్టుకుని 1042-ఎస్ ఇవ్వాల్సిన బాధ్యత మీ మీదికి వస్తుంది. పాత సంవత్సరాల సంగతి అక్కడి ఎన్‌రోల్డ్ ఏజెంటుతో, అంటే అమెరికా పన్నుల శాఖ గుర్తింపు ఉన్న పన్ను నిపుణుడితో, మాట్లాడి తేల్చుకోండి. ఇకముందుకు మాత్రం అక్క పేరునే కొత్త ఖాతా, ఆమె పాన్‌తో డబ్ల్యూ-8 బెన్, ఆమె నరసాపురం బ్యాంకు ఖాతా. డిజైన్లు పెట్టడంలో, అమెరికా కొనుగోలుదారులకు జవాబివ్వడంలో మీరు సాయం చేయండి, ఎవరూ వద్దనరు.

ప్రశ్న: చేర్యాల మాస్కులు చేస్తాం. మన దేశపు సైట్లో పెడదామంటే జీఎస్టీ నంబరు అడిగారు. మా అమ్మకాలు 4 లక్షలు కూడా ఉండవు. బొమ్మల ఫోటోలు టీషర్టులకు ఇచ్చే మా బావగారికి మాత్రం అడగలేదు. ఈ తేడా ఎందుకు?

జవాబు: ఆయన ఇచ్చేది డిజైను, అంటే సేవ. సేవలకు 20 లక్షల వరకు రిజిస్ట్రేషను లేకపోయినా ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు, వేరే రాష్ట్రానికైనా. మీరు పంపేది వస్తువు. ఆన్‌లైన్ సైటు ద్వారా వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే రూపాయి అమ్మకానికైనా రిజిస్ట్రేషను తప్పనిసరి. తెలంగాణ లోపలి కొనుగోలుదారులకే అమ్మితే, పరిమితి లోపల ఉన్నంతకాలం 2023 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషను లేకుండా ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే సరిపోతుంది. బెంగళూరువారు కొంటారనే కదా మీ ఆశ, కాబట్టి జీఎస్టీ నంబరే తీసుకోండి. తీసుకున్నాక సైటు 0.5 శాతం జీఎస్టీ కింద పట్టుకుంటుంది, దాన్ని మీ జీఎస్టీ ఖాతాలో వాడుకోవచ్చు. ఆదాయపన్ను కింద పట్టే 0.1 శాతం మాత్రం, వ్యక్తిగతంగా అమ్మేవారు పాన్ ఇచ్చి 5 లక్షల లోపు ఉంటే పట్టరు. అమ్మకం లేని నెలలో కూడా జీఎస్టీ రిటర్ను ‘నిల్’ అని వేయాలి. వేయకపోతే ఆలస్య రుసుము పడుతుంది.

ప్రశ్న: నాదీ రాయల్టీయే కదా. రచయితలకు ఉన్న 3 లక్షల మినహాయింపు నాకు వస్తుందా? — ఒక చిత్రకారుడు, నెల్లూరు

జవాబు: రాదు. ఆ మినహాయింపు ఇచ్చే 80క్యూక్యూబీ సెక్షను పుస్తకాలు రాసినవారికి. అది కూడా పాత పన్ను విధానంలో ఉంటేనే. గుడ్డ మీద అచ్చయిన మీ నెమలి ఎంత బాగున్నా పుస్తకం కాదు.