గుండె ఆపరేషన్ల విభాగం ప్రారంభిస్తున్న శిష్యురాలికి

అమ్మాయికి ఆశీస్సులు.

మీ ఊళ్లో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు మొదలుపెడుతున్నావని చదివి మనసు నిండిపోయింది. కొనబోయే యంత్రాల జాబితా పంపావు, దాని మీద నేను చెప్పాల్సిందేమీ లేదు. అయితే రాత్రి రెండు గంటలకు ఐసీయూలో ఎవరుంటారో, వాళ్లకు అనుమానం వస్తే ఎవరికి ఫోను చేస్తారో రాయలేదు. ముప్పై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేసిన నాకు ముందుగా తెలియాల్సింది అదే.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఆపరేషన్ అయి ఆరు గంటలైన పాప. ఛాతీలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలోంచి వస్తున్న రక్తం ఒక్కసారిగా ఆగిపోయింది. రక్తస్రావం తగ్గిందని డ్యూటీ డాక్టరు సంతోషించాడు. నర్సుకు మాత్రం నమ్మకం కలగలేదు. బీపీ మెల్లగా పడిపోతోంది, పాప పాదాలు చల్లబడుతున్నాయి. గొట్టంలో రక్తం గడ్డకట్టింది. బయటికి దారిలేని రక్తం గుండె చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తోంది. కానీ అంతకు ముందు వారం ఇలాగే ఫోను చేసినందుకు సర్జన్ ఆమెను అందరి ముందూ కసిరాడు. నలభై నిమిషాలు తటపటాయించింది. పాప దక్కలేదు. తరువాత విచారణ జరిగింది, నర్సును నిలదీశారు. కసిరిన సర్జన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఆ బాధ ఇంకా నాలో ఉంది.

అందుకే చెబుతున్నాను. డ్రెయిన్ ఆగినా, మూత్రం తగ్గినా, ఎందుకో బిడ్డ తేడాగా ఉన్నట్లు అనిపించినా నర్సు నేరుగా నీకే ఫోను చేయవచ్చని కాగితం మీద రాసి ఐసీయూ గోడకు అంటించు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ లేదని తేలుతుంది. అప్పుడు కూడా "చెప్పి మంచి పని చేశావమ్మా" అని నలుగురూ వినేలా అను.

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పిల్లల గుండె ఆపరేషన్ల తరువాత మరణాలు ఎక్కువగా ఉన్నాయని స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినా అక్కడివాళ్లు పట్టించుకోలేదు. 1991-95 మధ్య ఏడాదిలోపు పిల్లల్లో 30 నుంచి 35 మరణాలు అదనంగా జరిగాయని 2001 విచారణ నివేదిక తేల్చింది. లండన్‌లో మార్క్ డి లెవల్ అనే సర్జన్ దీనికి పూర్తిగా భిన్నంగా నడుచుకున్నారు. పుట్టిన కొద్దిరోజులకే చేసే ఒక క్లిష్టమైన ఆపరేషన్‌లో తన చేతుల్లో మరణాలు వరుసగా జరగడం గమనించారు. తనకన్నా మంచి ఫలితాలు సాధిస్తున్న మరొకరి దగ్గర మళ్లీ నేర్చుకుని, 104 ఆపరేషన్ల లెక్కలను 1994లో బయటపెట్టారు. పేరున్న సర్జన్‌కు అది ఎంత కష్టమో నీకు తెలుసు. నీ విభాగంలో మొదటి బిడ్డ నుంచే అలాంటి లెక్కలు రాసే పుస్తకం ఒకటి తెరువు. ప్రతివారం థియేటర్, ఐసీయూ వాళ్లంతా కూర్చుని చదవండి.

బృందాన్ని తరచూ మార్చనివ్వకు. నర్సులను వేరే వార్డులకు పంపాలని యాజమాన్యం అడుగుతుంది, గట్టిగా కాదను. నువ్వు అడగకముందే చేతికి పరికరం అందించే నర్సు తయారవడానికి నెలలు పడుతుంది.

పెర్ఫ్యూజనిస్టు ఒక్కరే ఉన్నారని రాశావు. అతనికి జ్వరం వస్తే, ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్‌లంగ్ మెషిన్ ఎవరు నడుపుతారు? రెండో వ్యక్తి చేరేదాకా మొదటి ఆపరేషన్‌కు తేదీ పెట్టవద్దు. ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ ఖరారైనా సరే, వాయిదా వెయ్యి. అవసరమైతే యాజమాన్యంతో నేను మాట్లాడతాను.