విరాళాల విందులా, ప్రిసింక్ట్ సమావేశమా?

ప్రశ్న: హ్యూస్టన్ ప్రాంతంలో చాలాకాలంగా ఉంటున్నాము. నాకు ఇటీవలే అమెరికా పౌరసత్వం వచ్చింది. రాష్ట్రంలో పార్టీ రాజకీయాల్లో పాలుపంచుకోవాలని ఉన్నా, విందులకు పిలిచి విరాళాలు అడిగేవారే తప్ప పని అప్పగించేవారు కనిపించడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? నా భార్యకు ఇంకా గ్రీన్ కార్డే ఉంది. ఆమె కూడా పాల్గొనవచ్చా?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: నాయకుడి పక్కన నిలబడి ఫొటో దిగినంత మాత్రాన పార్టీ నిర్ణయాల్లో మన మాట చెల్లదు. మనవాళ్లు ఈ సంగతి గ్రహించడానికి చాలా డబ్బే ఖర్చుపెడుతున్నారు. మాట చెల్లే చోటు మీ ఇంటికి దగ్గరలోనే, మీ ప్రిసింక్టులోనే, అంటే ఎన్నికల కోసం కౌంటీని విడగొట్టిన చిన్న ఓటింగ్ ప్రాంతంలోనే ఉంది. టెక్సస్‌లో ప్రతి కౌంటీలోనూ ఒక్కో ప్రిసింక్టుకు రెండు పెద్ద పార్టీలూ వేర్వేరుగా ఒక్కొక్క చైర్‌ను ఎన్నుకుంటాయి. సరిసంఖ్య సంవత్సరాల్లో మార్చి నెలలో జరిగే ప్రైమరీ (పార్టీ అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) బ్యాలెట్ మీదనే ఈ పదవికీ పోటీ ఉంటుంది. పదవీకాలం 2 ఏళ్లు, జీతం లేదు. ఆ ప్రిసింక్టులో నివసించే ఓటరై ఉండి, అంతకుముందు డిసెంబరు గడువులోగా కౌంటీ పార్టీకి దరఖాస్తు ఇవ్వాలి. చాలాచోట్ల పోటీ మాట అటుంచి, పదవే ఖాళీగా పడి ఉంటుంది; అలాంటి ఖాళీలను మధ్యలో పార్టీ కౌంటీ కార్యవర్గమైన ఎగ్జిక్యూటివ్ కమిటీ భర్తీ చేస్తుంది. కనుక మీ ఓటరు కార్డు మీద ఉన్న ప్రిసింక్ట్ సంఖ్య చూసుకొని, కౌంటీ పార్టీ కార్యాలయానికి ఫోన్ చేసి, అక్కడ చైర్ ఉన్నారా లేరా అని అడగండి. ఉంటే ఆయనకే సాయపడతానని చెప్పండి.

జీతంలేని ఈ పదవికి విలువేమిటని అనుకోవద్దు. 2024 జులైలో మీ హ్యూస్టన్‌లోనే అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు షీలా జాక్సన్ లీ మరణించినప్పుడు, అప్పటికే ప్రైమరీ గెలిచి ఉన్న ఆమె స్థానంలో నవంబరు ఎన్నికకు డెమోక్రటిక్ అభ్యర్థిని ఎంచుకోవలసి వచ్చింది. ఆ పని చేసింది 18వ నియోజకవర్గం పరిధిలోని ప్రిసింక్ట్ చైర్‌లు. మాజీ మేయర్ సిల్వెస్టర్ టర్నర్‌కు 41 ఓట్లు, అమాండా ఎడ్వర్డ్స్‌కు 37 ఓట్లు వచ్చాయి. లక్షలమందికి ప్రాతినిధ్యం వహించే స్థానానికి పార్టీ అభ్యర్థి ఎవరన్నది ఒక గదిలో నాలుగు ఓట్ల తేడాతో తేలింది. ఆ గదిలో కూర్చునే హక్కు ఎంత పెద్ద విరాళమిచ్చినా రాదు.

ఇక రోజువారీ పని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అందులో ఆకర్షణ ఏమీ లేదు. ఓటర్ల జాబితా పట్టుకొని తలుపులు తట్టడం, ఇల్లు మారినవారి పేర్లు సరిచూడడం, తమ పార్టీవారే అయినా ఓటు వేయడానికి బద్ధకించేవారికి ముందస్తు పోలింగ్ తేదీలు గుర్తుచేయడం, ఇవే ఎక్కువ. ప్రైమరీ తరువాత ప్రిసింక్ట్ సమావేశం, ఆపైన కౌంటీ లేదా సెనేట్ జిల్లా సమావేశం, చివరకు రాష్ట్ర సమావేశం వరుసగా జరుగుతాయి. పార్టీ విధానపత్రంలో చేరవలసిన తీర్మానాన్ని ప్రిసింక్ట్ స్థాయిలోనే ప్రతిపాదించవచ్చు. రాష్ట్ర సమావేశానికి ప్రతినిధిగా వెళ్లగలిగితే పార్టీ రాష్ట్ర చైర్ ఎన్నికలోనూ మీకు ఓటు ఉంటుంది.

టెక్సస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయనక్కరలేదు. ప్రైమరీలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకుంటే ఆ ఏడాదికి ఆ పార్టీవారే అవుతారు. ఎవరికి ఓటేశారన్నది రహస్యమే గానీ, ఏ పార్టీ ప్రైమరీలో ఓటేశారన్నది ఎవరైనా తెలుసుకోగల సమాచారమే. కాబట్టి రెండు పడవల మీద కాళ్లు పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

మీ శ్రీమతిగారి విషయానికి వస్తే, గ్రీన్ కార్డు ఉన్నవారు తమ సొంత డబ్బుతో విరాళం ఇవ్వడానికీ, స్వచ్ఛందంగా ప్రచారంలో పనిచేయడానికీ సమాఖ్య చట్టం అనుమతిస్తుంది. ఫోన్లు చేయవచ్చు, మీతో కలిసి ఇల్లిల్లూ తిరగవచ్చు; తెలుగు మాట్లాడే ఇళ్లలో ఆమె మాట మీ మాటకన్నా బాగా పనిచేయవచ్చు కూడా. అయితే పౌరసత్వం వచ్చేదాకా ఆమె ఓటు వేయకూడదు, ఓటరుగా నమోదు కాకూడదు, ప్రిసింక్ట్ చైర్ కాలేరు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో ఓటరుగా నమోదు కావాలా అని అడిగే గడిలో పొరపాటున అవునని గుర్తుపెట్టినా, పౌరసత్వ దరఖాస్తుకే ముప్పు వస్తుంది. అక్కడ సంతకం పెట్టేముందు ఆ గడిని ఆమెనే స్వయంగా మరొకసారి చదువుకోమనండి.