అంతరిక్ష ప్రకటనా? ఆకాశంలో ప్రకటనా?

సందేహం: మా అబ్బాయి కాలేజీలో చర్చా పోటీకి 'అంతరిక్ష వాణిజ్య ప్రకటనలను అనుమతించవచ్చా?' అనే అంశం ఇచ్చారు. 'అంతరిక్షంలో వాణిజ్య ప్రకటనలు' అనాలని నేను, సమాసం చేస్తే తప్పేముందని వాడు. ఏది సరైనది? అంతరిక్షానికి బదులు రోదసి, ఆకాశం అనవచ్చా?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ అబ్బాయి మాటలో తప్పు లేదు. అయినా నా ఓటు మీకే.

సమాసంలో విభక్తి లోపిస్తుంది కాబట్టి ఏ పదం దేనితో కలుస్తుందో చదివేవాళ్లే ఊహించుకోవాలి. 'అంతరిక్ష వాణిజ్యం' ఇప్పుడు మన ఊళ్లోనే ఉంది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ప్రయోగించిన స్కైరూట్ హైదరాబాద్ కంపెనీయే. అలాంటి కంపెనీ తన తర్వాతి ప్రయోగం గురించి చెప్పే కబురు కూడా 'అంతరిక్ష వాణిజ్య ప్రకటనే' అవుతుంది. పైగా ప్రకటన అన్న మాటకే రెండర్థాలు. 'మెట్రో ప్రకటనలు' అంటే రైల్లో తర్వాతి స్టేషన్ పేరు చెప్పే గొంతూ కావచ్చు, పిల్లర్ల మీద చీరల షాపు బొమ్మలూ కావచ్చు. మనవాళ్లు దీన్ని క్రియతో తేల్చేస్తారు. మంత్రి ప్రకటన చేస్తాడు, షాపువాడు ప్రకటన వేస్తాడు. చేయడానికీ వేయడానికీ ఉన్న ఈ తేడా వాడుకలోనే పుట్టింది, నాకు చాలా ఇష్టం.

ఇక రెండో ప్రశ్న. వేదంలో పృథివి, అంతరిక్షం, ద్యౌః అని వరస. అంటే అంతరిక్షం మొదట నేలకూ పైలోకానికీ నడుమ ఉన్న చోటు. ఇప్పుడు వాతావరణం దాటాక వచ్చేదాన్నే అలా అంటున్నాం. సముద్రమట్టానికి 100 కిలోమీటర్ల ఎత్తును హద్దుగా చెప్పడం వాడుక. రోదసి సంస్కృతంలో ద్వివచనం, భూమి, ఆకాశం రెండూ కలిపి చెప్పే మాట. తెలుగులో అంతరిక్షమనే అర్థమే స్థిరపడింది కాబట్టి నిస్సంకోచంగా వాడవచ్చు. ఆకాశం మాత్రం వేరు. అది మనం తలెత్తితే కనబడేది.

మీ చర్చకు అసలు కీలకం ఇక్కడే ఉంది. 1997లో మిర్ అనే రష్యా అంతరిక్ష కేంద్రంలో వ్యోమగామి పాలు తాగుతుండగా ఒక ఇజ్రాయెల్ డెయిరీకి ప్రకటన తీశారు. 2000 జులైలో ప్రోటాన్ రాకెట్ మీద పిజ్జా హట్ లోగో వెళ్లింది. ఇవి అంతరిక్షానికి సంబంధించిన ప్రకటనలే, కానీ మన ఆకాశంలో వాటి జాడ లేదు. 1993లో ఒక అమెరికన్ కంపెనీ తలపెట్టింది అలాంటిది కాదు. భూమి చుట్టూ తిరుగుతూ కింద ఉన్నవాళ్లకు కనబడే భారీ బోర్డు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. టెలిస్కోపు లాంటి పరికరం లేకుండా భూమ్మీది మనిషి గుర్తుపట్టగల ప్రకటనలకు ప్రయోగ లైసెన్సు ఇవ్వకూడదని అమెరికా చట్టం చేసుకుంది. రాకెట్ మీది లోగోల్లాంటివాటిని మాత్రం వదిలేసింది. అయినా ఆ ఆశ చావలేదు. 2019లో ఒక రష్యన్ కంపెనీ, సూర్యకాంతిని ప్రతిఫలించే చిన్న ఉపగ్రహాలతో ఆకాశంలో అక్షరాలు పేరుస్తామని ముందుకొచ్చింది.

కాబట్టి చట్టం గీసిన గీతను తెలుగులో చెప్పాలంటే కొత్త పదం పుట్టించనక్కర్లేదు. అంతరిక్షంలో వేసే ప్రకటనలు వేరు, ఆకాశంలో కనబడే ప్రకటనలు వేరు. మొదటివాటి మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. రెండోవి నాకు ససేమిరా సమ్మతం కాదు. పేపర్లో ప్రకటన నచ్చకపోతే పేజీ తిప్పేస్తాం, టీవీలో అయితే చానల్ మారుస్తాం. ఆకాశానికి ఆ సౌకర్యం లేదు. మీ పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీవాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు నగరపు వెలుతుర్లకు దూరంగా రంగాపూర్‌లో ఉంది. వెలుగు తలమీదికే వస్తే ఇంకెంత దూరం పోతారు?

పోటీ పెట్టినవాళ్లు ఒప్పుకుంటే అంశాన్ని 'ఆకాశంలో కనబడేలా వాణిజ్య ప్రకటనలు వేయనివ్వవచ్చా?' అని మార్చమనండి. మార్చకపోతే, మీ అబ్బాయి తన ప్రసంగం మొదట్లోనే ఈ రెంటినీ విడదీసి, తాను దేని గురించి మాట్లాడుతున్నాడో చెప్పాలి.