ప్రయాణం–బస: క్యూబెక్ కోటలో అత్తగారితో పది రోజులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుణుపురం. మా అబ్బాయి కెనడాలో, క్యూబెక్ సిటీలోని లావల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. సెప్టెంబరు చివర్లో నేను, మావారు, మా అత్తగారు వాడిని చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. వాడు స్నేహితులతో కలిసి చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాడు, మా ముగ్గురికీ అక్కడ చోటు చాలదు. పది రోజులూ హోటల్లోనే ఉండాలి. అత్తగారికి డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులున్నాయి, పూర్తి శాకాహారి. పాత కోట మధ్యలోనే గది తీసుకోమని కొందరు, ఊరికి దూరంగా చవగ్గా తీసుకోమని కొందరు చెబుతున్నారు. పైగా అక్కడంతా ఫ్రెంచేనట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – పి.ఎల్., గుణుపురం

జవాబు: పి.ఎల్. గారూ, అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్తున్నారని చదివి ఎంతో సంతోషమేసింది. ఆ వయసువాళ్లను ఇంట్లో వదిలి వెళ్లడానికి కారణాలు వెతికే రోజులివి. మా అమ్మాయి కాపురం క్యూబెక్‌లోనే. బరంపురంలో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను అక్కడికి వెళ్లి వస్తూ ఉన్నాను. అమ్మాయి ఇంటికి వచ్చే మన చుట్టాలకు హోటళ్లు చూసిపెట్టే పని కూడా నామీదే పడింది. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

రేటు, స్టార్లు, కిటికీలోంచి నది కనిపిస్తుందా లేదా, ఇవన్నీ తర్వాత. మీ అత్తగారు రోజుకు ఎన్ని మెట్లు ఎక్కగలరు, ఎంత ఎత్తు నడవగలరు? ఈ ఒక్కటి ముందు తేల్చుకోండి. క్యూబెక్ సెయింట్ లారెన్స్ నది ఒడ్డున, నిట్టనిలువు కొండచరియను ఆనుకుని పుట్టిన ఊరు. 1608లో సామ్యూల్ డి షాంప్లేన్ అనే ఫ్రెంచివాడు నది పక్కన దిగువన మొదటి స్థావరం కట్టాడు. తర్వాత కోట, చర్చిలు, పెద్ద కట్టడాలు కొండ మీద లేచాయి. ఇప్పటికీ ఊరు అలాగే రెండుగా ఉంది: ఎగువ పట్నం, దిగువ పట్నం. ఫోన్లో మ్యాప్ చూస్తే రెండు హోటళ్లూ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. తీరా చూస్తే ఒకటి కొండ కింద, ఇంకొకటి కొండ మీద. మ్యాప్‌లో ఆ ఎత్తు తెలియదు, మోకాళ్లకు తెలుస్తుంది.

దిగువన ప్లాస్ రోయాల్, పెటీ షాంప్లేన్ వీధి ఉంటాయి. ఫొటోల్లో మీరు చూసిన రాతి ఇళ్లు, పూలకుండీలు, సన్నటి వీధులు అన్నీ అక్కడివే. అందానికి సాటిలేదు. కానీ పైకి రావాలంటే నిటారు వీధి గానీ మెట్లు గానీ ఎక్కాలి, లేకపోతే ఫ్యునిక్యులర్ ఎక్కాలి. కొండచరియ మీద పట్టాల వెంట పైకీ కిందికీ నడిచే పెట్టె అది, 1879 నుంచి ఉంది. టికెట్ కొని నిమిషాల్లో పైకి చేరొచ్చు, పెద్దవాళ్లకు నిజంగా వరం. అయినా నదిగాలిలో క్యూలో నిలబడి రోజూ అదే పని చేయడం అత్తగారికి కష్టం. దిగువ పట్నం పగలు చూసి రావలసిన చోటు. రాత్రి బసకు ఎగువనే చూడండి.

ఎగువన కూడా అంతా ఒక్కలా ఉండదు. పాత పట్నం కోటగోడల లోపలి హోటళ్లలో చాలావరకు పాత ఇళ్లను మార్చి కట్టినవి. గుమ్మం దగ్గరే నాలుగైదు మెట్లు, లోపల సన్నటి చెక్క మెట్లు, కొన్నింట్లో లిఫ్టే ఉండదు. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఊరు, ఇష్టం వచ్చినట్టు పగలగొట్టి లిఫ్టు పెట్టడానికి వీలుండదు. అందుకే మీకు నా సలహా ఇది: గోడకు సరిగ్గా బయట, సెయింట్ జాన్ ద్వారం ముందున్న ప్లాస్ ద్యూవిల్ చుట్టుపక్కల గానీ, గ్రాండ్ అల్లే అనే వీధి మొదట్లో గానీ లిఫ్టున్న పెద్ద హోటల్ చూడండి. ద్వారం దాటితే పాత పట్నమే. పైగా మీ అబ్బాయి యూనివర్సిటీ వైపు వెళ్లే 800, 801 నంబరు బస్సులు ప్లాస్ ద్యూవిల్ మీదుగానే నడుస్తాయి. క్లాసు అవగానే వాడు బస్సెక్కి మీ దగ్గరికి వచ్చేస్తాడు. మీరు అంత దూరం వెళ్తున్నది దానికే కదా.

పది రోజులూ ఒకేచోట ఉండాలని లేదు. నా మాట వింటే మొదటి ఆరు రోజులు యూనివర్సిటీ ఉన్న సాంత్ ఫోయ్ ప్రాంతంలో ఉండండి. లోరియే బులవార్డ్ మీద పెద్ద హోటళ్లున్నాయి, పక్కనే షాపింగ్ మాల్స్, సూపర్ మార్కెట్లు ఉన్నాయి. అక్కడ చిన్న వంటగది ఉన్న గది అడగండి. చివరి నాలుగు రోజులు ఎగువ పట్నానికి మారండి. ప్రయాణ బడలిక తీరాక, చలికి కాస్త అలవాటు పడ్డాక కోట చూస్తే అత్తగారికి హాయిగా ఉంటుంది. మన టైముకు అక్కడి టైము సెప్టెంబరులో తొమ్మిదిన్నర గంటలు వెనక. మొదటి మూడు నాలుగు రోజులు ఆవిడ రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. అప్పుడు వేడినీళ్లు, ఇంత అన్నం దొరికే గదిలో ఉండటం ముఖ్యం, కిటికీలోంచి కోట కనబడటం కాదు.

ఆలస్యం చేయకండి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, నదిలోకి క్రూజ్ ఓడలు వస్తాయి. పాత పట్నంలో గదులు త్వరగా నిండుతాయి, రేట్లు కూడా పెరుగుతాయి. వీసా ఇంకా రాలేదని ఆగొద్దు. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే రేటులో ఇప్పుడే బుక్ చేయండి. దానికి కొంచెం ఎక్కువ పడినా ఫరవాలేదు. తిరిగిరాని చవక రేటు మాత్రం వీసా చేతికి వచ్చేదాకా ముట్టుకోవద్దు.

బుక్ చేశాక హోటల్‌కు నేరుగా ఒక మెయిల్ రాయండి. ఇంగ్లీషులోనే రాయొచ్చు. గదికి లిఫ్టు ఉందా, వీధి నుంచి రిసెప్షన్ దాకా మెట్లున్నాయా అని అడగండి. స్నానాల గది సంగతి ఇంకా గట్టిగా అడగండి. అక్కడ మామూలుగా టబ్ ఉంటుంది, దాని అంచు మోకాలంత ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మనిషి తడికాళ్లతో ఆ అంచు దాటడం ప్రమాదం. టబ్ లేకుండా నేరుగా నడిచి వెళ్లే షవర్, గోడకు పట్టుకోవడానికి కడ్డీ ఉన్న గది కావాలని రాయండి. వికలాంగుల కోసం ఉంచిన గదుల్లో ఇవి ఉంటాయి. అడగడానికి మొహమాటపడకండి. ఒక ప్లాస్టిక్ చెంబు సూట్‌కేసులో పెట్టుకోండి. అది అక్కడ ఏ హోటల్లోనూ ఉండదు, అత్తగారికి అది లేకుండా గడవదు.

ఇక డబ్బు. తెర మీద కనిపించే రేటు చాలాసార్లు పన్నులు కలపని రేటు. రాత్రికి 200 డాలర్లు అనుకోండి. దాని మీద 3.5 శాతం బస పన్ను, ఆ మొత్తం మీద 5 శాతం కేంద్ర పన్ను, 9.975 శాతం క్యూబెక్ పన్ను పడి సుమారు 238 డాలర్లు అవుతుంది. చేరగానే క్రెడిట్ కార్డు అడిగి, డిపాజిట్ కింద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు మీ ఖాతాలో కొన్నాళ్లు ఇరుక్కుపోతుంది. అందుకని మీవారి పేరు మీదైనా సరే, అంతర్జాతీయ వాడకం ఆన్ చేసిన క్రెడిట్ కార్డు ఒకటి ఉండాలి. బ్యాంకులో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, ఈ ఒక్క ఇబ్బందితో కౌంటర్ ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను.

మాంట్రియల్లో విమానం దిగితే క్యూబెక్ ఇంకా 250 కిలోమీటర్ల పైచిలుకు. రైలుంది, బస్సుంది, మూడు గంటలకు పైగా పడుతుంది. రాత్రి పొద్దుపోయి చేరతారనుకుంటే హోటల్‌కు ముందే చెప్పండి, లేకపోతే రాలేదనుకుని గది వేరేవాళ్లకు ఇచ్చేసే ప్రమాదం ఉంది. పొద్దున్నే చేరతారంటే ఇంకో చిక్కు. గది సాధారణంగా మధ్యాహ్నం మూడు, నాలుగింటికి గానీ ఇవ్వరు. అంత ప్రయాణం చేసిన పెద్దావిడను లాబీలో కుర్చీలో కూర్చోబెట్టలేం, ముందు రాత్రికి కూడా గది తీసుకోవడమే మేలు. రైలు దిగే స్టేషను దిగువన ఉంది, హోటల్ ఎగువన. సామాన్లతో నడవకుండా టాక్సీ ఎక్కండి.

తిండి విషయం. మన రైస్ కుక్కర్ తీసుకెళ్లకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్ మార్చినా మన కుక్కర్‌కు దాదాపు నాలుగో వంతు శక్తే అందుతుంది, బియ్యం ఉడకవు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు మాత్రం పనిచేస్తాయి. అక్కడి కుక్కర్ ఒకటి అబ్బాయిని కొనిపెట్టమనండి, తర్వాత వాడికే పనికొస్తుంది. హోటల్ గదిలో పోపు పెట్టొద్దు, ఎండుమిరపకాయ మాడితే పొగ అలారం మోగుతుంది. బరంపురం అప్పడాలు, వడియాలు పట్టుకెళ్లండి, అప్పడం మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషంలో కాలుతుంది. కారప్పొడి, కందిపొడి, చింతకాయ పచ్చడి బాగా ప్యాక్ చేసుకుని, విమానాశ్రయంలో ఆహారం తెచ్చామని తప్పకుండా డిక్లేర్ చేయండి. పచ్చి పళ్లు, పాల వస్తువులు, మాంసం జోలికి పోవద్దు. తీపి లేని పెరుగు ఏ సూపర్ మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. రాత్రి అన్నం నీళ్లలో వేసి ఉంచితే పొద్దున పొఖాళ సిద్ధం. మన గుణుపురం అలవాటు మారక్కర్లేదు.

బయట తినేటప్పుడు జాగ్రత్త. అక్కడి పాతకాలపు బఠాణీ సూప్ చూడ్డానికి మన పప్పులా ఉంటుంది, కానీ అందులో పంది మాంసం వేస్తారు. బంగాళాదుంప వేపుళ్ల మీద చీజ్ ముక్కలు వేసి ఇచ్చే పూటిన్‌లో గ్రేవీ మామూలుగా మాంసం రసంతో చేసిందే. అడగకుండా అత్తగారికి పెట్టొద్దు. క్రేప్ అనే పల్చటి అట్లు మాత్రం ఆవిడకు నచ్చుతాయి, గుడ్డు వేస్తారు కాబట్టి ఆ పట్టింపు ఉందేమో చూసుకోండి.

భాష గురించి మీరు బెంగ పెట్టుకోవలసిన పనిలేదు. 1977 చట్టం తర్వాత బోర్డులన్నీ ముందు ఫ్రెంచిలోనే ఉంటాయి, ఊళ్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా మాతృభాష అదే. అయినా హోటళ్లలో దాదాపు అందరికీ ఇంగ్లీషు వస్తుంది. మనం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో ఇంకోటి మాట్లాడుకుంటూ పెరిగిన సరిహద్దువాళ్లం. ఎదుటివాడి భాషలో ఒక్క పలకరింపు వేస్తే మొహం ఎలా విప్పారుతుందో మనకు తెలుసు. బోఁజూర్ అని పలకరించి, ఆ తర్వాత ఇంగ్లీషులో అడగండి. మర్యాదగా చూస్తారు.

అత్తగారికి తప్పక చూపించవలసినవి రెండే చెబుతాను. ఒకటి, షాటో ఫ్రంటెనాక్ ముందున్న డఫ్రిన్ టెర్రేస్. 1893లో తెరిచిన ఆ పెద్ద హోటల్లో మీరు దిగనక్కర్లేదు, దాని ముందున్న చెక్కల బాట చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి, కింద నది. రెండోది మాంట్‌మొరెన్సీ జలపాతం, 83 మీటర్లు, నయాగరా కంటే ఎత్తు. 487 మెట్లున్నాయని భయపడకండి, కేబుల్ కారు కూడా ఉంది. రాత్రి చలి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. స్వెటర్, సాక్సులు, చెవులకు మఫ్లర్ ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆవిడకు ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో కాగితం మీద చదివాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్లయింది. ఫిబ్రవరిలో క్యూబెక్ వెళ్లి మంచు హోటల్లో ఒక రాత్రి గడపాలని ఉంది. బాగుంటుందా? – ఎస్.కె., బరంపురం

జవాబు: ఏటా శీతాకాలంలో మంచుతో కట్టి, ఎండాకాలం రాకముందే కరిగిపోయే హోటల్ అది. 2001లో వేరేచోట మొదలుపెట్టారు, ఇప్పుడు ఊరికి కొంచెం దూరంగా వాల్కార్టియేలో కడుతున్నారు. లోపల మైనస్ 3 నుంచి మైనస్ 5 డిగ్రీలుంటుంది. బయట అంతకంటే ఎక్కువ చలి కాబట్టి లోపల వెచ్చగా ఉందనిపిస్తుంది. బరంపురం ఉక్కలో పెరిగినవాళ్లు పగలు టికెట్ కొని చూసి, రాత్రికి ఊళ్లో వెచ్చటి గదిలో పడుకోవడం మంచిది. ఫిబ్రవరిలో వింటర్ కార్నివాల్ ఉంటుంది, పాత పట్నంలో గది ముందే పట్టుకోండి. మంచు మీద జారకుండా బూట్ల అడుగున తగిలించుకునే ఇనుప పళ్లు అక్కడే కొనుక్కోండి.

ప్రశ్న: హోటల్ కంటే ఇల్లు అద్దెకు తీసుకుంటే చవక కదా? మోసపోకుండా ఎలా? – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: నలుగురైదుగురు కలిసి వెళ్తే నిజంగానే చవక. క్యూబెక్ రాష్ట్రంలో అలా రోజులవారీ అద్దెకిచ్చే ఇంటికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు కనిపించాలి. నంబరు లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి. శుభ్రం చేసినందుకు తీసుకునే ఛార్జీ విడిగా ఎంతో చూడండి, రెండు రాత్రులకే అయితే దాంతో హోటల్ రేటు దాటిపోతుంది. ఇల్లు ఎన్నో అంతస్తులో ఉందో, లిఫ్టు ఉందో లేదో యజమానిని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.